కాగితం మీద ఒకటి, నోట్లో ఇంకొకటి: ఇంగ్లిష్‌లో విదేశీ ఇంటిపేర్లు పలకడానికి పూర్తి గైడ్

కె-ఓ-సి-హెచ్. నాలుగే అక్షరాలు. 1978 నుంచి 1989 దాకా న్యూయార్క్ మేయర్‌గా చేసిన ఎడ్ ఇంటిపేరు ఇదే, ఆయన దాన్ని "కాచ్" అనేవాడు. కాన్సస్‌లో కోట్లకు పడగలెత్తిన అన్నదమ్ములు చార్లెస్, డేవిడ్‌లదీ ఇదే స్పెల్లింగు, కానీ వాళ్లు "కోక్", అచ్చం కూల్‌డ్రింకు లాగే. ఇక 1882లో క్షయ క్రిమిని కనిపెట్టిన రాబర్ట్‌దీ ఇవే నాలుగక్షరాలు, జర్మన్లు ఆయన్ని "కొఖ్" అంటారు, చివర్లో గొంతు సవరించుకుంటున్నట్టు గాలి వదులుతూ.

ముగ్గురిలో ఎవరిది కరెక్టు అంటే ముగ్గురిదీ. ఈ సంగతి నాకు తెలియక, ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇదే ఇంటిపేరున్న ఒక క్లయింటుని మూడు నెలలపాటు "మిస్టర్ కోచ్" అని పిలిచాను, క్రికెట్ టీమ్ కోచ్‌ని పిలిచినట్టు. పాపం ఆయన ఒక్కసారి కూడా దిద్దలేదు. ఒకరోజు కాల్‌లో వేరేవాళ్లకు తనని తాను పరిచయం చేసుకుంటూ "కోక్" అన్నాడు, నేను మ్యూట్‌లో పెట్టుకుని తల పట్టుకున్నాను. అప్పటి నుంచి మీటింగ్ ముందు పేర్లు చూసుకోవడం అలవాటైంది. ఆ పద్ధతే ఇది.

మెట్టు 1: ఏ దేశం పేరు అన్నది తర్వాత, ముందు ఎవరి పేరో చూడండి

చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. పేరు ఫ్రెంచ్‌లా కనపడింది కదా అని ఫ్రెంచ్‌లో పలికేస్తారు, అది గొప్ప అనుకుంటారు. డబ్ల్యూ. ఇ. బి. డుబాయ్స్ అని అమెరికా నల్లజాతి మేధావి ఉన్నారు. ఆ ఇంటిపేరు ఫ్రాన్స్‌లో అయితే "ద్యు బ్వా". ఆయన మాత్రం నా పేరు డుబాయ్స్, ఊనిక, అంటే పలికేటప్పుడు వేసే బరువు, చివరి ముక్క మీద అని తేల్చి చెప్పారు. ఆయన ముందు "ద్యు బ్వా" అని ఫ్రెంచ్ ఒలకబోసి ఉంటే అది తప్పే అయ్యేది. సంగీతకారుడు లెనార్డ్ బెర్న్‌స్టైన్, వాటర్‌గేట్ కుంభకోణం బయటపెట్టిన విలేఖరి కార్ల్ బెర్న్‌స్టీన్, ఇద్దరి స్పెల్లింగూ ఒకటే, పలుకు వేరు.

రూజ్‌వెల్ట్ సంగతి ఇంకా సరదా. మనం బళ్లో చదువుకున్నప్పటి నుంచీ రూజ్‌వెల్టే. అది డచ్ ఇంటిపేరు, డచ్‌లో రెండు ఓలు పక్కపక్కన ఉంటే దీర్ఘం "ఓ". అందుకే థియొడోర్‌దీ ఫ్రాంక్లిన్‌దీ "రోజవెల్ట్", గులాబీ రోజ్. తెలుగు పుస్తకాల్లో రూజ్‌వెల్ట్ స్థిరపడిపోయింది కాబట్టి తెలుగులో అలాగే రాయండి, నేనూ అలాగే రాస్తాను. ఇంగ్లిష్‌లో మాట్లాడేటప్పుడు మాత్రం రోజ్.

మరి ఎలా తెలుసుకోవాలి? ఆ మనిషి తనను తాను పరిచయం చేసుకునే వీడియో ఉంటే దాన్ని మించింది లేదు, యాంకర్ చెప్పింది కాదు, ఆయన నోటితో ఆయన చెప్పింది వినాలి. లింక్డిన్ ప్రొఫైల్‌లో పేరు పక్కన చిన్న స్పీకర్ గుర్తు ఉందేమో చూడండి, కొందరు తమ గొంతుతోనే రికార్డు చేసి పెడతారు. అదీ లేకపోతే అడిగేయడమే. అడిగేటప్పుడు ఒక జాగ్రత్త: "మీ పేరు కోచ్, అంతేనా?" అని మీ ఊహను ముందు పెట్టకండి, మర్యాద కొద్దీ సగం మంది "ఆ, అదే" అనేస్తారు, ఇక మీరు జీవితాంతం తప్పే పలుకుతారు. "మీ ఇంటిపేరు మీరెలా పలుకుతారు?" అని ఖాళీగా అడిగి ఊరుకోండి. విన్న వెంటనే ఒకసారి తిరిగి చెప్పండి, తెలుగు లిపిలో రాసుకోండి. మన లిపి ఇక్కడ వరం, ఇంగ్లిష్ వాళ్లకు ఈ సౌకర్యం లేదు.

మెట్టు 2: తోక చూసి ఊరు పట్టుకోండి

అడిగే వీలు లేనప్పుడే ఈ మెట్టు. చివర పల్లి, పాటి, కొండ ఉంటే అది ఊరి మీద వచ్చిన ఇంటిపేరని మనం పట్టేయమూ, ఇదీ అంతే. చివర "స్కీ" ఉండి ఐ అక్షరంతో ముగిస్తే ఎక్కువగా పోలిష్, వై అక్షరంతో అయితే రష్యన్, ఉక్రేనియన్ లేదా అటువైపు నుంచి వచ్చిన యూదు కుటుంబం కావచ్చు. "ఎస్కు" అంటే రుమేనియా. "యాన్" అంటే అర్మేనియా. "ష్విలి", "ద్జె" అంటే జార్జియా, అమెరికాలో ఉన్నది కాదు, కాకసస్ కొండల దగ్గరిది. "పులోస్" గ్రీకు. ఒకే ఎస్‌తో "సెన్" అయితే డెన్మార్క్ లేదా నార్వే, రెండు ఎస్‌లతో "సన్" అయితే స్వీడన్. చివర ఇ-జెడ్ ఉంటే స్పానిష్, ఇ-ఎస్ ఉంటే పోర్చుగీస్. అందుకే గోవా నుంచి వచ్చిన ఫెర్నాండెస్‌లు చివర ఎస్ రాస్తారు, మెక్సికో వాళ్లు జెడ్ రాస్తారు.

మెట్టు 3: ఆ భాషలో అక్షరానికి ఏ శబ్దమో చూడండి

అసలు పని ఇక్కడే. ఒకే రోమన్ అక్షరాన్ని ఒక్కో దేశం ఒక్కోలా వాడుకుంది. మనం ఇంగ్లిష్ మీడియం కళ్లతో చూస్తాం, పైగా తెలుగు అలవాటు కొద్దీ రాసిందంతా పలకాలనుకుంటాం. ఇంటర్‌లో ఎంపీసీ చదివినవాళ్లందరికీ ఈ తప్పులు కంఠతా వచ్చు: యూలర్, డీ బ్రోగ్లీ, లీ చాట్లియర్. మొదటాయన ఆయిలర్, తలకు రాసుకునే ఆయిల్ లాగే. రెండో ఆయన ఫ్రాన్స్‌లో "ద బ్రోయ్". "గ్లీ" ఎక్కడా లేదు. ఆ కుటుంబం మొదట్లో ఇటలీలోని పీడ్మాంట్ నుంచి వచ్చింది, జి-ఎల్-ఐ అనేది ఇటాలియన్ రాత, మనుషులు ఫ్రెంచ్ వాళ్లయిపోయినా స్పెల్లింగులో ఇటలీ మిగిలిపోయింది. మూడో ఆయన "ల షాతెల్యే". పరీక్షలో వీటికి మార్కులు పోవు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు, విదేశీ ప్రొఫెసర్ ముందు నోరు తెరిచినప్పుడు మాత్రం తెలుస్తుంది.

జర్మన్ తేలిక. ఇ-ఐ వస్తే రెండో అక్షరం ఇంగ్లిష్ పేరు పలకండి, "ఐ". ఐ-ఇ వస్తే అదే సూత్రం, "ఈ". ఐన్‌స్టైన్ అందుకే స్టైన్. ఇ-యు వస్తే "ఆయ్", ఫ్రాయిడ్ దగ్గర మనం సరిగ్గానే పలుకుతున్నాం, అదే సూత్రం ఆయిలర్‌కి పెట్టడం మరిచిపోయాం అంతే. డబ్ల్యూ అంటే "వ", వి అంటే చాలాచోట్ల "ఫ". జెడ్ అంటే "ట్స్". ఇది మనకు కొత్తేమీ కాదు, చాప, చుక్క, చలి అంటున్నప్పుడు పళ్ల దగ్గర నుంచి వచ్చే చ ఉంది చూడండి, దానికి బాగా దగ్గర. మోట్సార్ట్‌లో "ట్సా" దగ్గర చాపలో "చా" పెట్టి చూడండి.

పోలిష్‌కి కాస్త ఓపిక కావాలి. పోలండ్ సాలిడారిటీ కార్మిక ఉద్యమ నాయకుడు, 1983 నోబెల్ శాంతి బహుమతి గ్రహీత లెఖ్ గుర్తున్నాడా, మనం వలేసా అని చదివిన మనిషి? పోలిష్‌లో ఆయన "వవెన్స". మొదటి డబ్ల్యూ "వ". తర్వాత ఉన్న ఎల్‌కి మధ్యలో అడ్డంగా ఒక చిన్న గీత ఉంటుంది, ఆ గీత ఉంటే అది ఎల్ కాదు, పెదాలు గుండ్రంగా చుట్టి పలికే ఇంగ్లిష్ డబ్ల్యూ శబ్దం. ఆ తర్వాతి ఇ కింద చిన్న కొక్కెం ఉంటుంది, అది ముక్కుతో పలకాలని గుర్తు. ఇంగ్లిష్ పత్రికలు ఆ గీతనీ కొక్కేన్నీ పీకేసి అచ్చు వేస్తాయి, మనకు మోడు మాత్రమే మిగులుతుంది. అందుకే తూర్పు యూరప్ పేరు ఏది కనపడినా ముందు గీతలూ చుక్కలూ ఉన్న అసలు రాత వెతకండి. సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

పోలిష్ నేర్చుకుని హంగేరియన్ జోలికి వెళ్తే మళ్లీ మొదటికొస్తారు. పోలిష్‌లో ఎస్-జెడ్ అంటే "ష", ఒంటరి ఎస్ అంటే "స". హంగేరియన్‌లో సరిగ్గా తిరగేసి ఎస్ అంటే "ష", ఎస్-జెడ్ అంటే "స". బుడాపెస్ట్‌లో పుట్టిన జార్జ్ సోరోస్ ఇంటిపేరు అక్కడివాళ్ల నోట్లో "షోరోష్". ఇంకో తమాషా, ఆ కుటుంబం అసలు ఇంటిపేరు ష్వార్ట్స్, 1936లో మార్చుకున్నారు. హంగేరియన్‌లో జి-వై వస్తే "గీ" అనకండి. 1956 తిరుగుబాటు నాటి ప్రధాని ఇమ్రె ఇంటిపేరు నాగీ కాదు, "నాజ్"కి దగ్గర.

ఇటాలియన్‌లో సి-హెచ్ అంటే "క", సి తర్వాత ఇ గానీ ఐ గానీ వస్తే "చ", కోవిడ్ రోజుల్లో రోజూ టీవీలో కనపడ్డ డాక్టర్ ఫౌచీ గుర్తుంటే చాలు. జి-ఎన్ అంటే మన ఞ. స్పానిష్‌లో జె అంటే "హ", రెండు ఎల్‌లు కలిస్తే "య". అంటే లెక్కప్రకారం స్పానిష్ మాత్రమే వచ్చినవాడు సత్య నాదెళ్లని "నదేయ" అని చదవాలి.

చైనీస్ పేర్లు ఇప్పుడు రాసే పద్ధతిని పిన్‌యిన్ అంటారు, 1958 నుంచి ఉంది. అందులో ఎక్స్ అంటే "ష", క్యూ అంటే "ఛ", జెడ్-హెచ్ అంటే "జ"కి దగ్గర, సి అంటే "ట్స్". ఇంగ్లిష్ అలవాటుతో ఎక్స్ చూసి "క్స" అన్నారంటే అయిపోయినట్టే.

మెట్టు 4: ఇంగ్లిష్ నోరు దాన్ని ఏం చేసిందో చూడండి

అసలు పలుకు తెలిసింది, బాగుంది. కానీ మీరు మాట్లాడేది ఇంగ్లిష్‌లో. స్కూలుని మనవాళ్లు ఇస్కూలు చేసినట్టే ఇంగ్లిష్ వాళ్లు కూడా తమకు నోరు తిరగని చోట మలుచుకుంటారు, అందులో వెక్కిరింపు ఏమీ లేదు.

ఎన్-జి-యు-వై-ఇ-ఎన్. వియత్నాంలో అన్నిటికన్నా ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు. మొదటి శబ్దం ఏదో తెలుసా? ఙ. మనం చిన్నప్పుడు క ఖ గ ఘ తర్వాత నేర్చుకుని, ఆ తర్వాత ఎక్కడా వాడని పాపిష్టి అక్షరం. శంఖం, గంగ అన్నప్పుడు సున్నా దగ్గర వచ్చేది అదే శబ్దం. "అఙ్" అని ఆగి, ముందు అ తీసేసి, "ఙ్వియెన్" అని ఒకే గుక్కలో అనండి. మనకు రెండు నిమిషాల సాధనతో వస్తుంది, ఇంగ్లిష్ వాళ్లకు రాదు, ఎందుకంటే వాళ్ల భాషలో ఏ మాటా ఆ శబ్దంతో మొదలవదు (మనకూ మొదలవదు, కానీ అక్షరం ఉందని తెలుసు కదా). అందుకే అమెరికాలో అది "విన్" అయింది, కొందరికి "నుయెన్". అక్కడి కుటుంబాలు తామే విన్ అని చెప్పుకుంటే మీరూ విన్ అనండి. ఏఐ కోర్సులు చూసే మనవాళ్లందరికీ తెలిసిన ఆండ్రూ ఇంటిపేరు ఎన్-జి, రెండే అక్షరాలు, అచ్చు అక్షరం ఒక్కటీ లేదు. ఇంగ్లిష్‌లో ముందు ఒక అచ్చు తగిలించి "ఇంగ్" అంటారు.

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో డ్యూక్ యూనివర్సిటీ జట్టుని 1980 నుంచి 2022 దాకా నడిపిన కోచ్ మైక్ ఇంటిపేరు కె-ఆర్-జెడ్-వై-జెడ్‌తో మొదలవుతుంది. పోలిష్‌లో "క్షిజెఫ్‌స్కి", అమెరికాలో "షషెఫ్‌స్కీ". మొదటి క మింగేశారు. అదీ కష్టమైనవాళ్లు "కోచ్ కె" అని సరిపెట్టుకున్నారు. ఆస్ట్రేలియా ప్రధాన భూభాగంలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరానికి పోలండ్ వీరుడు కొష్‌చుష్కో పేరు పెట్టారు, ఎత్తు 2,228 మీటర్లు. అక్కడివాళ్లు దాన్ని "కోజియాస్కో" అంటారు. చాలాకాలం స్పెల్లింగులో జెడ్ కూడా ఎగిరిపోయింది, 1997లో అధికారికంగా మళ్లీ చేర్చారు. చేర్చాక పలుకు మారిందా అంటే లేదు.

కొరియా "పార్క్" నాకు చాలా ఇష్టమైన కేసు. కొరియన్‌లో అందులో ర లేదు, "బక్"కీ "పక్"కీ మధ్యలో ఉంటుంది. బ్రిటిష్ ఇంగ్లిష్‌లో ఇలాంటి చోట ఆర్ పలకరు, అక్కడ ఏ-ఆర్ అంటే ఉత్త "ఆ". ఆ లెక్కన రాసిన స్పెల్లింగుని అమెరికా వాళ్లు ర గట్టిగా పలికి చదివారు, మనం తెలుగులో పార్క్ అని రాసుకుని చెట్లూ బెంచీలూ ఊహించుకున్నాం. "లీ" కూడా అంతే, సియోల్‌లో అది ఉత్త "ఈ".

ఇక ఊనిక. మన నోటికి ఇది ఎక్కదు, ఎందుకంటే తెలుగులో ఏ అక్షరం మీద బరువు వేసినా అర్థం మారదు, అన్నీ ఇంచుమించు సమానంగా దొర్లిస్తాం. ఇంగ్లిష్‌లో ఒక ముక్క మీద బరువు పడాలి, మిగతావి నలిగిపోవాలి. అచ్చుతో ముగిసే విదేశీ పేరు కనపడితే ఇంగ్లిష్ వాళ్లు ఎక్కువగా చివరి నుంచి రెండో ముక్క మీద బరువు వేస్తారు. టెన్నిస్ షరపోవాని రష్యన్లు "రా" మీద బరువు వేసి పిలుస్తారు, ఇంగ్లిష్ కామెంటేటర్లు "పో" మీద. నాదెళ్లలో "నా" దీర్ఘం నలిగి "న" అయి, ళ్ల తేలికపడి, బరువంతా "డె" మీద పడి "నడెలా" అయింది. సాధన ఎలాగంటే, బరువు పడే ముక్కని కాస్త సాగదీసి గొంతు పెంచండి, అటూ ఇటూ ఉన్నవాటిని గొణిగినట్టు వదిలేయండి. మొదట్లో నాటకంలా అనిపిస్తుంది, అదే సరైన మోతాదు.

మెట్టు 5: స్పెల్లింగే మారిపోయి ఉంటే

అమెరికాకి వలస వచ్చినవాళ్లను తనిఖీ చేసిన న్యూయార్క్ రేవు కేంద్రం ఎల్లిస్ ఐలండ్‌లో ఇమ్మిగ్రేషన్ ఆఫీసర్లు నోరు తిరగక పేర్లు మార్చేశారని ఒక కథ చాలా ఇళ్లలో చెప్పుకుంటారు. అది నిజం కాదు. 1892 నుంచి 1954 దాకా నడిచిన ఆ కేంద్రంలో, ఓడ ఎక్కిన రేవులో రాసిన జాబితానే దగ్గర పెట్టుకుని పేర్లు సరిచూసేవారు. మార్పులు చాలామటుకు తర్వాత జరిగాయి, ఉద్యోగం కోసం, బడి కోసం, పౌరసత్వం కాగితాల కోసం జనమే మార్చుకున్నారు.

మార్చుకున్న తీరు చూస్తే ముచ్చటేస్తుంది. అమెరికా అధ్యక్షుడిగా చేసిన ఐజెన్‌హవర్ పూర్వీకులు పలుకు నిలుపుకుని అక్షరాలు మార్చారు, జర్మన్‌లో ఏ-యు ఉన్న చోట ఇంగ్లిష్ ఓ-డబ్ల్యూ వచ్చింది. అమెరికా స్వాతంత్ర్య పోరాట వీరుడు పాల్ రెవీర్ తండ్రి ఫ్రాన్స్ నుంచి వచ్చిన రివ్వార్, పలుకూ రాతా రెండూ ఇంగ్లిష్‌కి వంగాయి. పియానోలు చేసే ష్టైన్‌వేగ్ కుటుంబం 1850లో న్యూయార్క్ వచ్చి స్టైన్‌వే అయింది. "వేగ్" అంటే దారి కాబట్టి దాన్ని "వే" చేశారు, "స్టైన్" అంటే రాయి, దాన్ని అలాగే వదిలేశారు, అంటే సగం అనువాదం. మనకు బాగా తెలిసిన మౌంట్‌బాటెన్ కూడా ఈ బాపతే. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ పేరంటే జనం మండిపడుతున్నారని 1917లో బాటెన్‌బెర్గ్ కుటుంబం "బెర్గ్"ని, అంటే కొండని, "మౌంట్" చేసి ముందుకు జరిపింది. బ్రిటన్ రాజకుటుంబం విండ్సర్ అయిందీ ఆ ఏడే. ఇలాంటి పేర్లకు మూల భాష వెతకడం అనవసరం, ఇంగ్లిష్ పేర్లలాగే చదవండి.

మెట్టు 6: అది అసలు ఇంటిపేరేనా?

చైనా, కొరియా, వియత్నాం, హంగేరీల్లో ఇంటిపేరు ముందు వస్తుంది, మనకు లాగే. చైనా అధ్యక్షుడి ఇంటిపేరు షీ, మన పత్రికలు హెడ్డింగుల్లో జిన్‌పింగ్ అంటాయి, అది పెట్టిన పేరు. ఐస్‌లాండ్‌లో చాలామందికి ఇంటిపేరే ఉండదు, తండ్రి పేరుకి "కొడుకు" అనో "కూతురు" అనో తగిలిస్తారు. ఇటువైపు నుంచి చూస్తే మనవాళ్లకూ ఇదే జరిగింది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికా వెళ్లాక, చివర ఉన్నదే ఇంటిపేరు అనుకునే ఆ దేశంలో "డాక్టర్ సుబ్బారో" అయిపోయారు. భాస్వరం కొలిచే 1925 నాటి ఆయన పద్ధతి ఇప్పటికీ బయోకెమిస్ట్రీ పుస్తకాల్లో ఫిస్క్-సుబ్బారో పద్ధతే, యల్లాప్రగడ ఊసు లేదు. ఆయన "రావు"ని ఆర్-ఓ-డబ్ల్యూ అని రాసేవారు. ఆ మూడక్షరాలని ఇంగ్లిష్‌లో "రౌ" అని చదవొచ్చు, "రో" అనీ చదవొచ్చు, సగం గందరగోళం అక్కడే.

మెట్టు 7: ఎంత యాస పెట్టాలి, మీ పేరు వాళ్లకెలా నేర్పాలి

ఇంగ్లిష్ వాక్యం మధ్యలో ఒక్క పేరుకి మాత్రం గొంతులోంచి ఫ్రెంచ్ ర తెచ్చి పలికితే ఎదుటివాళ్లకు పేరు అర్థం కాదు, మీ డాబు మాత్రం అర్థమవుతుంది. మధ్యస్థంగా ఉండండి. చిత్రకారుడు విన్సెంట్ ఇంటిపేరుని బ్రిటన్‌లో "వాన్ గాఫ్" అంటారు, అమెరికాలో "వాన్ గో" అంటారు, డచ్ వాళ్లు మొదటి జి-నీ చివరి జి-హెచ్‌నీ రెండింటినీ గొంతు గీరే ఖ లాగా పలుకుతారు. ఎవరితో మాట్లాడుతుంటే వాళ్ల పద్ధతి పాటించడంలో తప్పులేదు, ఆ మనిషి ఇప్పుడు అభ్యంతరం చెప్పడానికి లేడు కూడా. బతికున్న మనిషైతే మాత్రం మెట్టు 1కి వెనక్కి వెళ్లండి.

మీ సొంత ఇంటిపేరు విషయంలో మన స్పెల్లింగులే మన కొంప ముంచుతాయి. త కోసం మనం టి-హెచ్ రాస్తాం, తోట ఇంటిపేరున్నవాళ్లు అమెరికాలో "థోటా" అవుతారు, ధన్యవాదాలు చెప్పే థాంక్స్‌లో "థ"తో. పాస్‌పోర్టులో ఉన్నది ఇప్పుడు మార్చడం తలనొప్పి, కాబట్టి పలుకు నేర్పడమే మార్గం. పీట్ అనే అమెరికా నాయకుడిది మాల్టా దేశపు ఇంటిపేరు, స్పెల్లింగు చూస్తే ఎవరికీ నోరు పెగలదు. అధ్యక్ష ఎన్నికల ప్రచారంలో ఆయన జట్టు దాన్ని మూడు ఇంగ్లిష్ మాటలుగా విరగ్గొట్టింది: బూట్, ఎడ్జ్, ఎడ్జ్. జనానికి ఇట్టే పట్టుబడింది. మీరూ మీ ఇంటిపేరుని అలా ఇంగ్లిష్‌లో ఉన్న చిన్న మాటలుగా విరిచి చూడండి, బరువు ఎక్కడ పడాలో మీరే ముందు నిర్ణయించుకోండి, లేకపోతే వాళ్లు నిర్ణయిస్తారు. ళ, ణ, ఒత్తులు పోతాయి, పోనివ్వండి. లింక్డిన్‌లో రికార్డు చేసేటప్పుడు ఇంట్లో పిలిచినట్టు కాక ఆఫీసులో వాళ్లు మిమ్మల్ని ఎలా పిలిస్తే పలుకుతారో అలా పలకండి, నెమ్మదిగా, ఒక్కసారే. అక్కడ రికార్డుకి ఉన్నది పది సెకన్లు, మా ఇంటిపేరుకి అందులో ఆరు పోతాయి.